డెల్రాయ్ మోకాలికి నా దిష్టి

డిసెంబరు, ఆదివారం మధ్యాహ్నం

అక్కకు తమ్ముడు ప్రభుదాసు వందనాలు చేసి రాసే ఉత్తరం. దేవుని కృప వల్ల ఇక్కడ ముగ్గురం తింటున్నాం, తిరుగుతున్నాం, పనులకు పోతున్నాం. బోధన్‌లో నువ్వూ బావా అట్లాగే ఉన్నారని అనుకుంటున్నాను. బావ కంటి ఆపరేషన్ అయిందా? కాకపోతే ఇంకా నాన్చకు, కంఠేశ్వర్ డాక్టరు దగ్గరికే తీసుకుపో. నీ నడుము నొప్పి ఎట్లుంది? నా గురించి మాత్రం రంది పెట్టుకోకు. నేను బాగున్నాను. నిజంగా బాగున్నాను.

రెండుసార్లు రాశానంటే బాగాలేనని నీకు తెలిసిపోయే ఉంటుంది. చిన్నప్పటి నుంచి నీ ముందు నా అబద్ధం ఒక్కటీ నిలబడలేదు.

ఇక్కడి చలి గురించి రాస్తే నమ్మవు. బయటికి పోయి వచ్చాక ముక్కు ఉందో ఊడిందో తడుముకుని చూసుకోవాలి. నేను ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే మిషన్ల దగ్గరే పని చేస్తున్నాను. నీ మరదలు ఎస్తేరు అదే ఆస్పత్రిలో నాలుగో అంతస్తులో నర్సు, నేను భూమి కింద. మన షుగర్ ఫ్యాక్టరీ కాటా దగ్గర నేను చెయ్యి ఊపితేగాని చెరుకు బండి కదిలేది కాదు. ఇక్కడ చెయ్యి ఊపితే ఇంటికి పోతున్నాననుకుని వాళ్లూ ఊపుతారు. తిండికి లోటు లేదు. జొన్నపిండి ఒక గుజరాతీ దుకాణంలో దొరుకుతుంది. రొట్టె చేస్తే రూతు ఒక ముక్క తిని, "అత్తమ్మ చేసినట్టు లేదు" అంటుంది. ప్రతిసారీ అంటుంది.

ఆ రూతు గురించే ఈ ఉత్తరం. మూడేండ్ల పిల్లను నీ ఒడిలో పెట్టి మేమిద్దరం విమానం ఎక్కాం. కాగితాలు కుదిరి తెచ్చుకునేసరికి దానికి తొమ్మిదేండ్లు. ఇప్పుడు పదకొండు. నా దగ్గరికి వచ్చి రెండేండ్లు దాటినా ఇంకా నా బిడ్డ కాలేదక్కా. "మీరు తింటరా? మీరు డ్యూటీకి పోతరా?" అని పాస్టరుగారితో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. వాళ్లమ్మతో కొంచెం నయం. నాతో మర్యాదే మర్యాద. ఆ మర్యాదతో నేను చచ్చిపోతున్నాను.

అట్లాంటి పిల్లకు ఒక మనిషి పేరు వింటే మొహం వెలిగిపోతుంది. అతని పేరు డెల్రాయ్. ఈ ఊరి టీములో ఆటగాడు. అతన్ని చూస్తే నాకు కడుపులో మిరపకాయ నూరినట్టుంటుంది.

ఆట పేరు ఫుట్‌బాలే గాని మనం ఆడిన ఫుట్‌బాల్ కాదు. బంతి కూడా గుండ్రంగా ఉండదు, పీచు తీయని కొబ్బరికాయ లాగా ఉంటుంది. అందరూ మధ్యలో గుంపుగా తోసుకుంటుంటే డెల్రాయ్ దూరంగా, అంచు గీత పక్కన ఒక్కడే నిలబడతాడు. ఆట మొదలుకాగానే ఉరుకుతాడు. వెనక నుంచి ఒకడు బంతి విసురుతాడు. అది తల మీదుగా వస్తుంటే ఉరుకుతూనే పట్టుకోవాలి. పట్టిన మరుక్షణం ఇద్దరు ముగ్గురు లారీల్లాగా వచ్చి గుద్దుతారు. ఎముక విరిగినా బంతి వదలొద్దు. వైడ్ రిసీవర్ అంటే అదే, పట్టేవాడు. పట్టడమే ఉద్యోగం.

అతని చరిత్రంతా రూతుకు బైబిల్ వాక్యాల్లాగా నోటికి వచ్చు. అతనిది దక్షిణాన చెరుకు పండే పల్లెటూరట. మొదట ఏ టీమూ తీసుకోలేదట, ఒళ్లు సన్నమని. తీసుకున్నాక కూడా రెండేండ్లు ఆడనివ్వకుండా బల్ల మీద కూర్చోబెట్టారట. మూడో ఏడు జోరు వానలో ఒంటిచేత్తో ఒక బంతి పట్టాడట, ఆ రోజు నుంచి ఈ ఊరు అతన్ని నెత్తిన పెట్టుకుంది. తొమ్మిదేండ్లుగా అదే టీము. వేరేవాళ్లు రమ్మన్నా పోలేదు. ఇట్లా చెప్తూనే ఉంటుంది. నేను ఊ కొడుతూ టీవీ వైపు చూస్తాను. చెరుకు పల్లె అని విన్నప్పుడు మాత్రం ఒళ్లు మండింది. చెరుకు మనది కాదా? వాడొక్కడిదేనా?

నేను పట్టలేదా బంతులు? ఫ్యాక్టరీ కాలనీ టీముకు ఐదేండ్లు గోల్‌కీపర్‌గా లేనా? ఆర్మూరు వాళ్ల పెనాల్టీ ఆపి వేలు విరగ్గొట్టుకుని వస్తే నువ్వే గద పసుపు పెట్టి కట్టు కట్టావు. ఆ సంగతి రూతుకు చెప్పాను, వంకర వేలు కూడా చూపించాను. శ్రద్ధగా చూసింది. "చేతులకు గ్లౌజులు ఉండెనా?" అని అడిగింది. లేవన్నాను. "డెల్రాయ్‌కు ఉంటయి" అని పోయి చదువుకుంది.

అతని ఫోటో దాని మంచానికి ఎదురుగా ఉంది. అతని నంబరు అంగీ వేసుకునే పడుకుంటుంది. ఎస్తేరు నవ్వుతుంది. "ఏమయ్య, టీవీల ఉన్నోని తోని పోటీ పెట్టుకున్నవా?" అంటుంది. నవ్వేవాళ్లకేం తెలుస్తుంది.

పోయిన ఆదివారం నా తోటి పనివాడు ఒక ముసలాయన రెండు టికెట్లు ఇచ్చాడు, తనకు జ్వరమని. ఇదే అదను అనుకున్నాను. నేనే తీసుకుపోతే, నేనే చూపిస్తే, ఆ సంతోషంలో కొంచెమన్నా నా వాటాకు వస్తుందని ఆశ. చర్చి కూడా మానేశాం. మంచులో మూడు గంటలు కూర్చున్నాం. దుప్పటి దానికే కప్పాను. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఒకసారి డెల్రాయ్ గాలిలోకి లేచి ఇద్దరి మధ్య నుంచి బంతి లాక్కున్నాడు. అబద్ధం ఎందుకు, అంత అందమైన పట్టు నేను జన్మలో చూడలేదు. జనమంతా లేచి అరిచారు. రూతు కూడా ఎగిరి పక్కనున్న మనిషిని వాటేసుకుంది. ఆ పక్కనున్నది నేను కాదక్కా. అటు పక్క కూర్చున్న, మొహానికి రంగు పూసుకున్న ఎవడో లావుపాటి మనిషి. నా చేతులు సగం వరకు లేచి అట్లాగే ఉండిపోయాయి.

అప్పుడు డెల్రాయ్ వైపు చూశాను. ఎట్లా చూశానో నాకు తెలుసు. ఒక్కసారి పడు, ఈ పిల్ల ముందు ఒక్కసారి పడు, చాలు, అనుకున్నాను. పెదవులు కూడా కదిలి ఉంటాయి.

మరుసటి బంతికే పడ్డాడు. ఎవరూ తాకలేదు. ఎగిరి పట్టాడు, దిగాడు, కాలు మోకాలి దగ్గర తిరగకూడని వైపు తిరిగింది. చిన్న బండి తెచ్చి ఎక్కించుకుపోయారు. పోతూ పోతూ పైన ఎవరికో చెయ్యి ఊపాడు.

ఇంటికి వచ్చాక రూతు అన్నం ముట్టలేదు. మరునాడు బడి నుంచి వచ్చి కూడా తినలేదు. మంగళవారం సాయంత్రం ఎస్తేరు డ్యూటీలో ఉంది. కంచం పట్టుకుని నేనే పోయి దాని పక్కన కూర్చున్నాను.

"ఒక్క బుక్క తిను బిడ్డా. ఎవడో ఆటగాడు పడితే నువ్వు ఉపాసం ఉండుడేంది?"

"ఎవడో కాదు. ఆయన్ను గూడ అత్తమ్మే సాదింది."

"ఏ అత్తమ్మ?"

"వాళ్ల అత్తమ్మ. వాళ్లమ్మ, వాళ్ల బాపు పనికని పట్నం పోయిండ్రు. ఉతికిన బట్టలు ఉండజుట్టి ఇసిరేది అత్తమ్మ, పట్టు పట్టు అనుకుంట. గట్లనే నేర్సుకున్నడు. ప్రతి ఆటకు వచ్చి కూసుంటది. ఆమెకే చెయ్యి ఊపిండు. నేను మీకు శాన సార్లు చెప్పిన. మీరు ఇనలే."

నిజమే, వినలేదు. ఆ గోడ మీది ఫోటోలో ఈ పిల్ల రోజూ ఎవరిని చూసుకుంటోందో అప్పుడు తెలిసింది. నిన్ను చూసుకుంటోంది. డెల్రాయ్ మీద ఉన్న కుళ్లంతా ఒక్క క్షణంలో నీ మీదికి తిరిగిందక్కా. రాయడానికి సిగ్గుగా ఉంది. అమ్మ పోయాక నన్ను సాదింది కూడా నువ్వే. నీకు చెప్పుకోకుండా ఎవరికి చెప్పుకోను?

ఆ భారం మోయలేక రూతుతో అన్నాను, "నా దిష్టే తగిలింది బిడ్డా. పడాలె అనుకున్న. నువ్వు ఆయన్నే సూస్తున్నవని."

ఏడుస్తుందనుకున్నాను. నన్ను కాసేపు చూసి లేచింది. "అయితే మీరే తియ్యాలె. ఎట్ల తీస్తరో నాకెరుకే" అంది. నువ్వు పంపిన ఎండు మిరపకాయలు, గళ్లుప్పు తెచ్చింది. మనిషి ఎదురుగా లేకపోతే తొడిగిన బట్టకు తీయొచ్చని నువ్వే చెప్పావట. డెల్రాయ్ నంబరు అంగీ కుర్చీకి తొడిగింది. నా పిడికిట్లో ఉప్పూ మిరపకాయలూ పెట్టి మూడుసార్లు తిప్పించింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, వచ్చినోళ్ల దిష్టి, పోయినోళ్ల దిష్టి" అని నీ గొంతుతోనే చదివి, చివరికి "బాపు దిష్టి" అని కలిపింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాస్టరుగారికి మాత్రం చెప్పకు.

నిప్పులు లేవు గద, పెనం ఎర్రగా కాల్చి అందులో వేశాను. అక్కా, మన వాకిట్లో వేసినట్టు తలుపులు మూసిన ఇంట్లో వేశాను! ఇల్లంతా పొగ. దగ్గు మీద దగ్గు. ఇంతలో పైకప్పుకున్న, పొగను పసిగట్టే గంట కూత మొదలుపెట్టింది. దాంతో మొత్తం బిల్డింగులో గంటలన్నీ మోగాయి. ఆరు అంతస్తుల జనం మెట్లు దిగి మంచులోకి వచ్చారు. పిల్లిని కోటులో దాచుకుని ఒక ముసలమ్మ, తల మీద సబ్బు నురగతో ఒకాయన. అందరూ దగ్గుతున్నారు. మంటలార్పే బండి కూడా వచ్చింది. ఎవరింట్లో అని అడిగితే నేను ఆ ముసలమ్మ వెనక్కి జరిగాను. రూతు ముందుకు పోయి ఇంగ్లీషులో చెప్పింది, మా నాన్న వంట చేశాడు, మాడిపోయింది, క్షమించండి అని.

నా బిడ్డ నన్ను కాపాడింది. తర్వాత వచ్చి, చలికి వణుకుతూ నా కోటులో దూరింది.

"ఘాటు వచ్చింది గద బాపు."

"వచ్చింది బిడ్డా. సూస్తున్నవు గద, ఊరంత దగ్గుతున్నది."

"దిష్టి ఉంటే మిరపకాయ కాలినా ఘాటు రాదంటది అత్తమ్మ. గింతమంది దగ్గుతున్నరంటే నీ దిష్టి కాదు. ఆయన కాలు ఊకెనే ఇరిగింది. నువ్వు రంది పడకు."

ఆ మంచులో నాకు చలి వేయలేదు. అయినా నా బుద్ధి చూడు, మరుక్షణమే, నన్ను విడిపించిన ఆ మాట కూడా అక్కదే గద అని మనసు చివుక్కుమంది.

లేని నేరాన్ని ఆ పిల్ల కొట్టిపారేసింది. ఉన్న నేరం నా దగ్గరే ఉంది. నువ్వు దసరా నుంచి రూతు పేరు మీద రాసిన మూడు ఉత్తరాలు దానికి ఇవ్వలేదు. కింద మా ఉత్తరాలు వేసే పోస్టు డబ్బా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. విప్పలేదు, చదవలేదు, ప్రమాణం చేస్తాను. దాచాను. నీ ఉత్తరం వస్తే వారం రోజులు అది బోధన్‌లోనే తిరుగుతుంది, నేను దాని కంటికి ఆనను. ఓర్చుకోలేకపోయాను. అత్తమ్మ నన్ను మరిచిపోయిందని అది వాళ్లమ్మ దగ్గర ఏడ్చిందని కూడా నాకు తెలుసు. తెలిసి కూడా ఇవ్వలేదు.

లోపలికి రానిచ్చాక బీరువాలోంచి తీసి దాని చేతిలో పెట్టాను. ముద్రల మీది తారీఖులు ఒక్కొక్కటి చూసింది. అరవలేదు. "మీరు పోండి. నేను సదువుకుంట" అంది. గంట సేపు నా బిడ్డ నాకు దక్కింది, మళ్లీ పోయింది. కానీ మూడూ చదివి అన్నం తింది. నాలుగు రొట్టెలు తింది.

డెల్రాయ్ ఇక ఆడలేడని టీవీలో చెప్పారు. ఆపరేషన్ అయ్యాక ఆ చెరుకు పల్లెకే, వాళ్ల అత్త దగ్గరికే పోతాడట. ఈ ఊరంతా ఏడుస్తోంది. నేను కూడా కొంచెం ఏడ్చాను, ఎవరికీ చెప్పకు.

రూతు తానూ తన అత్తమ్మ దగ్గరికి పోతానంటోంది. ఎండాకాలం సెలవులకు పంపుతానని మాటిచ్చాను. టికెట్ సంగతి ఎస్తేరు చూస్తోంది. పోచంపాడ్ చేపలు తినిపించు, చెరుకు నమలనివ్వు, నీ పక్కలోనే పడుకోనివ్వు. ఒక్కటే అడుగుతున్నాను. నువ్వు ఉండుమంటే అది ఉండిపోతుంది, నాకు తెలుసు. ఉండుమనకు అక్కా. తిరిగి పంపు.

బావకు నా వందనాలు. సిరికొండ చిన్నమ్మకు, చర్చిలో పెద్దలందరికీ మా ముగ్గురి వందనాలు చెప్పు. ఇంత చేసి దీవించమని అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను. తిట్టి దీవించు.

రూతు రాసిన ఉత్తరం ఇదే కవరులో ఉంది. జిగురు పెట్టి మూసి ఇచ్చింది. ఏం రాసిందో తెలియదు, నాకు చెప్పకు. మంచిగా ఒక్క మాట రాసి ఉంటే మాత్రం చెప్పు. పోస్టు డబ్బా తాళంచెవి ఇప్పుడు దాని మెడలో ఉంది. బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడింది. నేను ఈ కవరు పోస్టు చేస్తానో లేదో చూడడానికి వీధి మూల మీది పోస్టు పెట్టె దాకా నా వెంట నడిచి వస్తుందట. ఇంత మంచులో నాతో కలిసి నడుస్తానని అది తనంతట తాను అనడం ఇదే మొదటిసారి. ఉంటాను.

నువ్వు సాదిన తమ్ముడు,
ప్రభుదాసు