మూడు లైన్లకూ ఒకే సంచి

జూన్ 1, సోమవారం

కొత్త పని. పేరు: డమ్మీ ప్రయాణికుడు. టికెట్టు ఉంటుంది, ప్రయాణం ఉండదు. సంచి అడుగున ఉత్తుత్తి తుపాకీ పెట్టుకుని ఎయిర్‌పోర్టు తనిఖీలోంచి వెళ్లాలి. మెషీను ముందు కూర్చున్న స్క్రీనరు దాన్ని పట్టుకుంటే పాసు, వదిలేస్తే ఫెయిలు. లైన్లు మూడు. రోజుకొకటి.

పరీక్ష పెట్టే ఆఫీసరు మురళీమోహన్ గారిది హైదరాబాదు. మాట తక్కువ మనిషి కావాలంటే ఎవరో నా పేరు చెప్పారట. నెల్లిమర్ల మిల్లులో కాటా దగ్గర జనుము తూచి రిటైరయ్యాను. ముల్లు చూపింది రాశాను తప్ప నోరు విప్పలేదు.

స్క్రీనర్లలో మీ బంధువులున్నారా అని అడిగారు. ఉన్నారన్నాను. ఎంతమంది అన్నారు. అందరూ అన్నాను. ఆయన నవ్వి ఫైలు మూసేశారు. నేను జోకు వెయ్యలేదు.

తీర్మానం: ఎవరికీ చెప్పను. మా ఆవిడ ఈశ్వరికి కూడా. మూడు లైన్లకూ ఒకే సంచి, ఒకే తీరు. ఎవరి మీదా దయ లేదు.

మూడో లైనులో మా అక్క కూతురు అనిత. ఇప్పటికే ఒకసారి ఫెయిలయింది. మళ్లీ అయితే ఉద్యోగం పోతుంది. అక్క ఇల్లు ఆ జీతం మీదే నడుస్తోంది.

అయినా సరే!

ఖర్చు: బస్సు, టీ. మాటలు: నిల్.

జూన్ 2, మంగళవారం

ఒకటో లైను. లైన్లన్నిటి వెనకా సంచులు విప్పే బల్ల ఒకటే. అక్కడ శివాజీ, మా పెదనాన్న మనవడు. సంచి మెషీనులోకి వెళ్లకముందే పలకరించాడు.

“ఏటి మావా, ఇమానం ఎక్కుతన్నావా? ఏ ఊరు?”

టికెట్టు మీద ఊరి పేరు చూసుకోలేదు. ఊరుకున్నాను. వాడికి అనుమానం వచ్చి సంచి బోర్లించాడు. తుపాకీ పడింది. ఒకటో లైను పాసు.

తెర చూసి పట్టలేదు, నా మొహం చూసి పట్టారు. ఆఫీసరుకి చెప్పాలా? ఎవరికీ చెప్పను అనే కదా తీర్మానం. చెప్పలేదు.

జూన్ 3, బుధవారం

తెల్లవారే మీసం తీసేశాను. నల్ల కళ్లద్దాలు. టోపీ.

“మీసం తీసీసినావేటి మావా? ఎలాగో ఉన్నావు,” అన్నాడు శివాజీ. రెండో లైను కుర్రాడు తెర మీంచి తల తిప్పి నన్ను చూసి మెషీను ఆపేశాడు. పాసు.

ఇంటికొచ్చేసరికి ఈశ్వరి ఏడుస్తోంది. మా వాళ్లలో ఎవరో పోయారనీ, అందుకే మీసం తీశాననీ అనుకుంది. కారణం చెప్పకూడదు కాబట్టి ఊరుకున్నాను. సాయంత్రానికి పరామర్శకి జనం వచ్చారు. పోయినవాళ్లు చాలా మంచివాళ్లన్నారు. ఎవరని అడగలేదు.

ఖర్చు: పాలు, పంచదార.

జూన్ 4, గురువారం

మూడో లైను. అనిత నా వైపు తల తిప్పలేదు. తెరే చూసింది. సంచిలో ఏదో నల్లటి ముద్ద కనబడింది. చెయ్యెత్తి, విప్పి చూడమంది.

శివాజీ జిప్పు లాగాడు. పైన మా ఇత్తడి కేరేజీ! నేను పెట్టలేదు.

“ఓస్, అత్త పిల్లకి కూడెట్టి పంపినాది. మావ ఈయేళ సుట్టపు సూపుకి వచ్చినాడు,” అని జిప్పు మూసేశాడు. కేరేజీ తెచ్చినవాణ్ని ఇంకేం తనిఖీ చేస్తాడు? కింద తుపాకీతో సహా నడిచి వెళ్లిపోయాను.

మెషీను దగ్గర ఎవరుంటే వాళ్లదే బాధ్యతట. ఆఫీసరు అనిత పేరు ఎదురుగా ఫెయిలు రాశారు. కేరేజీ అనిత చేతికిచ్చి వచ్చేశాను.

ఈశ్వరిని అడిగాను. బస్సు టికెట్లు చూసిందట.

“రోజూ ఎయిర్‌పోర్టుకే ఎళ్తన్నావు. ఒట్టి సేతుల్తో ఎందుకని ఎట్టినాను.”

మరి కింద తుపాకీ?

“సూసినాను. ఎవులి పిల్లడికో బొమ్మ కొన్నావనుకున్నాను.”



జూన్ 5, శుక్రవారం

ఫెయిలు రాసింది నేను కాదు. అడిగితే చెప్పేవాణ్ని. అడగలేదు. నా పని మొయ్యడం, తీర్పు చెప్పడం కాదు.

మధ్యాహ్నం అనిత వచ్చింది. కేరేజీ తోమి తెచ్చింది.

“నాను ఇప్పమన్నాను మావా. నువ్వు అక్కడే ఉన్నావు కదా,” అంది. ఇంకేమీ అనలేదు. నా పోలికే.

సాయంత్రం ఆఫీసరు గది. చెప్పాను. శివాజీ, మీసం, పరామర్శ, కేరేజీ. ఆయన మధ్యలో మంచినీళ్లు తాగారు, నాకూ ఇచ్చారు. ముందే ఎందుకు చెప్పలేదన్నారు.

“మాట తక్కువ మనిషి కావాలన్నారు కదండీ.”

మూడు లైన్ల ఫలితాలూ రద్దు. అనిత ఫెయిలూ రద్దు. సోమవారం మళ్లీ పరీక్ష. వేరే మనిషి దొరకలేదు కాబట్టి మళ్లీ నేనే.

మాటలు: ఇన్నేళ్లూ దాచుకున్నవన్నీ ఖర్చు.

జూన్ 7, ఆదివారం

పరామర్శకి వచ్చినవాళ్లందరికీ ఈశ్వరి, అనిత దగ్గర విన్న అసలు సంగతి చెప్పేసింది. చావు లేదని కొంచెం నిరాశపడ్డారు. తుపాకీ చూపించమన్నారు. చూపించాను.

జూన్ 8, సోమవారం

తీర్మానం, మళ్లీ మొదటి నుంచి. ఎవరికీ చెప్పను. మూడు లైన్లకూ ఒకే సంచి, ఒకే తీరు.

సంచి ఎత్తబోతే లేవలేదు. తెరిచాను. నిండా కేరేజీలు.

“మూడు లైన్లకి మూడు, శివాజీకోటి,” అంది ఈశ్వరి. “ఒక పిల్లకెట్టి మిగిలినోల్లకి ఎట్టకపోబట్టే కదా ఇంత గొడవ.”

తుపాకీకి చోటు లేదు. చేత్తో పట్టుకుని బస్సెక్కాను. కండక్టరు దాన్ని చూసి, “కూకో మావా, ఎయిర్‌పోర్టే కదా,” అని టికెట్టు కొట్టాడు.

నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు.