ఎడమ టైరు

కోరుట్ల,
ఆదివారం.

చిరంజీవి వందనకు బాపమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమే, అంటే ఇప్పటికైతే ఎవరం దవాఖానల లేము. మీ నాన మోకాలు పట్టుకొని తిరుగుతున్నడు, మీ అమ్మ తలకాయ పట్టుకొని తిరుగుతున్నది. దానికి నా నోరే కారణమంటది. పక్కింటి రాజక్క బీడీలు చేసుడు బంద్ పెట్టింది, కండ్లు కనపడ్తలేవట. కనపడకున్నా మన ఇంట్ల ఏం కూర వండిన్నో పొద్దుగాలనే చెప్తది. నాకు చెవులు పోయినంక నువ్వు ఫోన్ మాని ఉత్తరాలు రాస్తున్నవు. గా లాభమన్న అయ్యింది, నీ దస్తూరి బాగుపడ్డది.

నువ్వు అడిగినయి చెప్త. బీపీ గోలీలు ఏసుకుంటున్న. మీ అమ్మతోని నేను కొట్లాడుతలేను, ఆమెనే నాతోని కొట్లాడుతున్నది. పచ్చడి పంపుమన్నవు, ఈసారి పంపుతలేను.

ఇగ నువ్వు నడుపుడు నేర్చుకునే విమానం టైరు సంగతి. నువ్వు రాసింది మూడుసార్లు చదివిన. గాలి తక్కువుంటే రెండంచులు అరుగుతయి, ఎక్కువుంటే నడిమిట్ల అరుగుతది. ఇరుసు వంకరుంటే ఒక్క అంచే అరుగుతది. చిన్న విమానంల ఒక్క మనిషే కూసుంటే బరువు చాలక చక్రాలు బయటికి వాలుతయి, గందుకు బయటి అంచు ముందుగాల పోతది, అప్పుడు టైరును తిరగేసి ఎక్కిస్తరు. ఇదంత అర్థమయ్యింది. ముప్పై రెండేండ్లు లెక్కలు చెప్పినదాన్ని.

నీ ఎడమ టైరు మాత్రం ఏ లెక్కలకు రాదు. అంచు కాదు, నడిమి కాదు, ఒక్కకాడ అరచెయ్యంత మచ్చ. వేరే పిల్లలు దింపితే పడదు, నువ్వు దింపితేనే పడ్తది. మెకానిక్ హరిప్రసాద్ గాలి కొలిచిండు, ఇరుసు చూసిండు, బ్రేకు పట్టేసిందేమోనని ఇప్పి మల్ల బిగించిండు, రెండు టైర్లు మార్చిండు. మూడోది పాడైతే ఆయనను ఇంటికి పంపుతమన్నరని రాసినవు. పై నెల రెండో శనివారం నువ్వొక్కదానివే విమానం తీస్కొని రెండు ఊర్ల దిగి రావాలెనని కూడ రాసినవు. చివరికి, "నువ్వే చెప్పు బాపమ్మా, నా తప్పెక్కడున్నది" అన్నవు.

నువ్వు గీసిన బొమ్మ పట్టుకొని బస్టాండ్ కాడ జగదీశ్ టైర్ల షాపుకు పోయిన. నా దగ్గర చదువుకున్నోడే, లెక్కల్ల రెండుసార్లు తప్పిండు, ఇయ్యాల కార్ల చక్రాలు సక్కగ పెడ్తున్నడు.

"ఇది ఏ బండిది టీచర్, ట్రాలీదా?"

"విమానానిది."

"ఎప్పుడు కొన్నరు?" అన్నడు. చిన్నప్పుడు ఇంత తెలివి ఉంటే పాసయ్యేటోడు.

బొమ్మ చూసి చెయ్యి తుడుచుకున్నడు. "టీచర్, గిది బండి తప్పు కాదు, కాలు తప్పు. నడిపేటోళ్లకు తెల్వకుంటనే బ్రేకు మీద కాలు పడుతున్నది. చక్రం తిరగక ముందే నేలకు రాసుకపోతున్నది."

"కాలు దించుకుంటే అయిపాయె కదా."

"దించుకునే కాలైతే ఎప్పుడో దించుకుందురు. గిట్లనే నడిపితే ఒకరోజు పేలుతది. పేలితే గా దిక్కే గుంజుకపోతది. ఎవరు టీచర్ నడిపేది?"

ఎవరో అని చెప్పి వచ్చిన. డెబ్బై దాటినా అబద్ధం తడుముకోకుంట వస్తున్నది నాకు.

నీ ఉత్తరంలనే ఉన్నది బిడ్డా. మడమ నేలకు ఆనిచ్చి, వేళ్లు పెడలు కింది భాగం మీద పెట్టుమని మీ సార్ రోజు చెప్తడట. పై భాగం నొక్కితే బ్రేకు కదా. కుడికాలు వింటది, ఎడమకాలు వినది, మొద్దుకాలు అని నవ్వుకుంట రాసినవు. అది మొద్దుది కాదు. దాని చీలమండ మడవది. పొడుగు కూడ కొంచెం తక్కువ. పెడలు అందనీకె పాదం మొత్తం చెక్కలెక్క పైకి లేస్తది, బ్రేకు మీద పడ్తది.

నీకు నాలుగేండ్లప్పుడు, మనం సిరిసిల్లల ఉన్ననాడు, మన సాంచెల షెడ్డుల, మరమగ్గాల నడుమ, కాలు బెణికిందని చెప్తుంటి కదా. బెణకలేదు. ఇరిగింది.

అప్పుడు మీ అమ్మానాన్నలు బొంబాయి దిక్కు భివండిల సాంచెలు నడుపుతుండిరి. "నీ చేతుల పెట్టి పోతున్ననే అమ్మా" అని మీ నాన నిన్ను ఇచ్చి పోయిండు. ఆ రోజు నేను స్టూలు మీద కూసొని తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతున్న. నువ్వు పడుగు నూలు చుట్టిన ఇనుప భీముల కుప్ప ఎక్కుతుంటే చూసిన. ఇంకొక్క పేపరు దిద్ది లేద్దామనుకున్న. భీము దొర్లి నీ కాలి మీద పడ్డది.

సిరిసిల్లల చూపిస్తే ఊరంత తెలుస్తదని జగిత్యాలకు తీస్కపోయిన. డాక్టరు ఎక్స్‌రే తీసి, ఆపరేషన్ చెయ్యాలె, లేకుంటే ఎదిగే కాలు గిడసబారుతది, తల్లిదండ్రులను పిలిపించుండ్రి, సంతకం కావాలె అన్నడు. ఆడపిల్ల కాలి మీద కుట్లెందుకు అని నాకు నేను చెప్పుకున్న. అది సాకు. మీ నాన వచ్చి "ఎట్ల పడ్డదే అమ్మా" అని అడుగుతడని భయపడి నిన్ను బుగ్గారంల కట్లు కట్టే వెంకటి దగ్గరికి ఎత్తుకపోయిన. చదువుకోని మనిషి, నాకన్న నయం. "టీచరమ్మా, అతుకుత గని సక్కగ అతుకుతదని చెప్ప. పెద్ద దవాఖానకు పొండ్రి" అన్నడు. నేనే కట్టుమన్న.

తర్వాత నీ ఎడమ చెప్పు ముందుభాగం నెలకే అరిగేది. మీ నాన భివండి నుంచి వచ్చే రెండ్రోజుల ముందట పాతయి పారేసి కొత్తయి తొడిగేదాన్ని. పిల్లకు చెప్పులు బాగ కొంటవే అని నన్ను మెచ్చుకునేటోడు.

ఇంకొకటి ఉన్నది. విమానం నేర్చుకునేటోళ్లకు చేసే మెడికల్ పరీక్ష నాడు ఫారం నింపుకుంట ఫోన్ చేసినవు, అప్పటికి నా చెవులు బాగనే ఉన్నయి. "బాపమ్మా, నాకు ఎప్పుడన్న బొక్క ఇరిగిందా?" అన్నవు. నాలుగేండ్లప్పుడు భయపడి దాచిన్ననుకో. గప్పుడు దేనికి భయం? నీ గొంతుల సంబురం పోతదని. లేదని రాయుమన్న.

ఆ మెకానిక్ మూడో టైరు మార్చినా, పదోది మార్చినా మచ్చ పడ్తనే ఉంటది. నిన్న మన ఊరి ఎముకల డాక్టరుకు ఇన్నేండ్లు దాచిన ఆ ఎక్స్‌రే చూపించిన. ఇప్పుడు ఇరగ్గొట్టి అతికినా చీలమండ మునుపటోలె మడవదన్నడు. ఏదన్న ఉపాయం ఉంటే రాస్తుంటి బిడ్డా. లేదు. నువ్వు ఎగురుడు ఆగిపోతది. మీ అమ్మానాన్నలకు ఇంక చెప్పలేదు, ఈ సాయంత్రం చెప్త.

మీ విమానాల స్కూలుకు కూడ ఒక ఉత్తరం రాసిన. తప్పు హరిప్రసాద్‌ది కాదు, పిల్లది అసలే కాదు, ఫారంల అబద్ధం రాయించింది నేను అని. ఎక్స్‌రే అండ్లనే పెట్టిన. నిన్ను అడగలేదు. అడిగితే ఒక్క ఫ్లయిటు అయినంక పంపు బాపమ్మా అంటవు, నేను సరే అంట.

అది నిన్ననే స్పీడ్ పోస్టుల పోయింది, బుధవారానికి చేరుతదట. నీది రేపు మామూలు పోస్టుల ఏస్తున్న, దాని వెనుక చేరాలెనని.

ఇట్లు,
నీ కాలు ఇరిగిన నాడు నీ దగ్గరనే కూసున్న
నీ బాపమ్మ,
సత్యవ్వ