టీతో అరటిపండు

జూన్ 2, సోమవారం

ఇందుమూలంగా నాకు నేనే తెలియజేసుకోవడం ఏమనగా: నేటి నుంచి నోరు మూసుకుంటాను.

కారకురాలు నా ప్రేయసి వెనింగ్. నిన్న నూడుల్స్ తింటూ అంది: "యాప్‌లు తయారుచేస్తానంటావు, వాటిని వాడే మనిషిని ఒక్క ముక్కైనా మాట్లాడనిచ్చావా? మీ సురబాయా వాళ్ళకి దేవుడు చెవులు అలంకారానికి పెట్టాడు."

మా ఊళ్ళో పలకరింపే తిట్టులా ఉంటుంది, ఒప్పుకుంటాను. ఈ సోలో ఊళ్ళో తిట్టు కూడా పలకరింపులా ఉంటుందట.

పథకం: వెనింగ్ వాళ్ళమ్మ బు లస్త్రి (బు అంటే మాలో అమ్మగారని) పెళ్ళిళ్ళకు వంటలు చేసిస్తారు. ఇప్పుడు పెళ్ళిళ్ళ నెల. ఆర్డరు చెప్పడానికి జనం ఇంటికే వచ్చి గంటలకొద్దీ కూర్చుంటారు. ఆ బాధ తప్పించే యాప్ ఒకటి చేసిపెడతాను. ఆవిడ దాన్ని మనసారా వాడితే, సురో నెల రాకముందే మా పెళ్ళి మాట వాళ్ళమ్మ దగ్గర ఎత్తుతానని వెనింగ్ మాటిచ్చింది. సురో వచ్చిందా, ఆ నెలంతా అశుభమని ఇక పెళ్ళి ఊసు ఎవరూ ఎత్తరు.

నియమాలు: నోరు మూసుకోవాలి. ఆవిడ తడబడినా సాయం చేయకుండా చూడాలి. ఆవిడ చెప్పిందే శాసనం.

కాగితం మీద రాసి అద్దానికి అంటించాను. ఇప్పుడు అద్దంలో నేను కనపడట్లేదు. ఫర్వాలేదు, ముఖ్యం వినియోగదారు!

జూన్ 4

తొలి దర్శనం. "ఆర్డర్లు తీసుకోవడంలో మీకేమిటమ్మా ఇబ్బంది?"

"ఏమీ లేదు నాయనా. టీ తాగు."

వినియోగదారుకు ఇబ్బందులు లేవు. పాపం, ఆవిడకి తెలియదు. ఇంటికొచ్చి ఆవిడ తరఫున నేనే డజను ఇబ్బందులు కనిపెట్టాను.

జూన్ 9

యాప్ సిద్ధం! చూపించాను.

"చాలా బాగుంది నాయనా. రేపట్నుంచి వాడతాను."

విజయం! పైగా ఈసారి టీతో పాటు అరటిపండ్లు. రెండు తిన్నాను. నమోదు: వినియోగదారు ఆతిథ్యం అమోఘం.

జూన్ 11

వాడలేదు. ఫోన్లో ఛార్జింగ్ లేదట.

"అక్షరాలు చిన్నవయ్యాయా అమ్మా?"

"అవును నాయనా."

అక్కడికక్కడే పెద్దవి చేశాను. "మరీ పెద్దవయ్యాయా?"

"అవును నాయనా."

"రంగు ఆకుపచ్చ ఉంచనా, ఎరుపు చేయనా?"

"రెండూ చక్కగానే ఉన్నాయి."

మూడో నియమం ప్రకారం ఈ యాప్ ఇప్పుడు ఏకకాలంలో పెద్దదీ, చిన్నదీ, ఆకుపచ్చదీ, ఎర్రదీ కావాలి. మళ్ళీ అరటిపండ్లు. మూడు.

జూన్ 14

ఛార్జింగ్ ఉంది! ఆవిడ ఫోన్ పట్టుకున్నారు. వేలు గాల్లో ఆగింది. బొట్టు బొట్టుగా చెమట. నేను చేతులు కట్టుకుని న్యాయమూర్తిలా కూర్చున్నాను. మా అమ్మ ఈ దృశ్యం చూసుంటే పెద్దావిడ అవస్థ పడుతుంటే చోద్యం చూస్తావా అని చెప్పుతో కొట్టేది.

ఫోన్ లాక్కుని నేనే నొక్కేశాను.

ఇది సాయం కిందికి రాదు. ఫోన్‌ను చెమట నుంచి కాపాడాను.

జూన్ 17

ఇంకా వాడలేదు. చీపురు కనపడలేదట. చీపురుకీ యాప్‌కీ సంబంధం ఏమిటని అడగలేదు. నోరు మూసుకుని, మూసుకుని, చివరికి టీ చల్లారిపోయేంత ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ వినయంగా తలూపారు. అరటిపండ్ల పళ్ళెం ఇంకాస్త నా వైపు జరిపారు. "ఇంకొన్ని ఉన్నాయా అమ్మా?" అని కూడా అడిగాను.

జూన్ 18

వెనింగ్‌కి నివేదిక సమర్పించాను. అరటిపండ్ల దగ్గరికి రాగానే ఆపింది.

"ఆగు. టీతో పాటు అరటిపండా? ఎన్నిసార్లు?"

"మూడుసార్లు. నేనంటే ఎంత ప్రేమో!"

"జగత్, మా అమ్మ ఎవరికీ కాదని చెప్పదు. అరటిపండు పెడుతుంది. టీకీ అరటిపండుకీ పొసగదు కదా. ఇదీ పొసగదు అని దానర్థం. మా వీధంతటికీ తెలుసు."

"నేను ఇంకొన్ని కావాలని అడిగాను!"

ముందు పగలబడి నవ్వింది. తరవాత నవ్వలేదు.

"పొసగనిది యాప్ అంటావా, నేనంటావా?" అన్నాను.

"నాకూ తెలియదు," అంది మెల్లగా.

ఇంటికొచ్చి నియమాల కాగితం చించేశాను. అద్దంలో ఒక దద్దమ్మ కనిపించాడు.

జూన్ 21

వెళ్ళాను. బు లస్త్రి, పొరుగింటావిడ కలిసి కొబ్బరి తురుముతున్నారు. టీ వచ్చింది. వెనకాలే అరటిపండ్లు.

"అమ్మా, ఈ ఒక్కసారికి మా సురబాయా మనిషిలా మాట్లాడండి. నచ్చకపోతే తిట్టండి."

"అయ్యో, అవేం మాటలు నాయనా. యాప్ బాగానే ఉంది. కాకపోతే తీరిక..."

"ఇంకొంచెం గట్టిగా."

"కాకపోతే, మరి అంత అవసరం..."

పొరుగింటావిడ ఉండబట్టలేకపోయింది. "వద్దని చెప్పవే లస్త్రీ! పిల్లాడు ఇక్కడే పడిపోయేలా ఉన్నాడు."

"వద్దు!" అనేశారు బు లస్త్రి. అని, ఠక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ తరవాత మాత్రం ఆగలేదు. "అందరూ ఫోన్లోనే చెప్పేస్తే మా ఇంటికి ఎవరొస్తారు? ఆయన పోయాక ఈ ముందు గదిలో మనిషి అలికిడంటే ఆర్డర్లకొచ్చే వాళ్ళదే. వెనింగ్ పొద్దున వెళితే చీకటిపడ్డాక వస్తుంది. రేపు అదీ..."

ఆగిపోయారు. ఏ నియమమూ లేకుండా నేను నోరు మూసుకోవడం ఇదే మొదలు. నేను తప్పించబోయిన బాధ ఆవిడకున్న ఒకే ఒక్క కాలక్షేపం.

ఎక్కువసేపు మూసుకోలేదు లెండి. "మరి నేను? నేనూ వద్దా?"

కొబ్బరి తురిమే చప్పుడు ఆగింది. బు లస్త్రి లేచి, అరటిపండ్ల పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. దాంట్లో ఇంకా రెండున్నాయి.

బయటికొచ్చి వెనింగ్‌కి మెసేజ్ పెట్టాను: "అయిపోయింది. తింటుండగానే పళ్ళెం తీసేశారు."

"టీ?"

"టీ ఉంచారు."

"ఒట్టి టీయా! ఓరి మొద్దు సన్నాసీ, ఏడుస్తావేం!"

నిఖార్సైన సురబాయా తిట్టు. సోలో అమ్మాయి నోట ఇంత తియ్యగా ఉంటుందనుకోలేదు.

జూన్ 27

సురో మొదటి రోజు. పెళ్ళిళ్ళు లేవు, ఆర్డర్లు లేవు, ముందు గదిలో ఎవరూ లేరు. కొత్త కాగితం అంటించి వెళ్ళాను. నియమం ఒక్కటే: వినాలి.

"పనేం లేదుగా, ఇలా వచ్చావేం నాయనా?"

"టీకి అమ్మా."

ఒట్టి టీ! ఆవిడ మాట్లాడుతూనే ఉన్నారు. పెళ్ళినాడు ఆయన చెప్పులు పోగొట్టుకున్న కథ, చిన్నప్పుడు వెనింగ్ మిరపకాయ నమిలిన కథ. చివర్లో, "సురో వెళ్ళాక మీ అమ్మానాన్నలని ఓసారి టీకి రమ్మను," అన్నారు. నేను ఎగిరి గంతెయ్యలేదు. విన్నాను. నిజంగా!

అప్పుడే చూశాను, ఆ గదిలో కుర్చీలన్నీ గోడల వెంట, ఎక్కడివక్కడ. ఎదురెదురుగా వేస్తే వచ్చినవాళ్ళు ఇంకా హాయిగా కబుర్లు చెప్పుకుంటారు కదా.

"అమ్మా, ఈ కుర్చీలు ఇలా కాకుండా..."

ఆవిడ చిరునవ్వు నవ్వారు. లేచి లోపలికెళ్ళి ఒకే ఒక్క అరటిపండు తెచ్చి నా టీ పక్కన పెట్టారు.

రేపటి నుంచి నోరు మూసుకుంటాను.