రాణీచీమకి పిల్లలు పుట్టేయి

బావా, వర్జ్యం రాకముందే బయల్దేరాలని నాన్న ఆటో తెచ్చేసేడు. పురిటికి రావికమతం వెళ్లిపోతన్నాను. అన్నం, పులుసు పొయ్యి పక్కన ఉన్నాయి.

నువ్వు పెంచే చీమకి చీకటి కావాలని బీరువాలో నా పట్టుచీర కింద పెట్టేవు కదా గాజుగొట్టం, పొద్దున్న చూసేను. నీ రాణీచీమకి మొదటి పిల్లలొచ్చేయి, నాలుగు. బెల్లంనీళ్లు ఒక్క చుక్క దూదికి అద్ది పెట్టు. ఎక్కువైతే మునిగిపోతాయి.

దానికి కుదుపు తగులుతాదని నెలరోజులుగా బీరువా తలుపు కూడా మెల్లగా వెయ్యమన్నావు. ఎనిమిదో నెల కడుపుతో నేను బిందెలు మోస్తంటే, మెల్లగా అని ఒక్కసారైనా అన్నావా?

ప్రవల్లిక

ఫోను మోగితే అది బెదిరిపోతాదని సైలెంట్‌లో పెడతన్నావు. ఈ నెల మాత్రం రింగు పెట్టు. నొప్పులొస్తే నేను ముందు చేసేది నీకే.