ఖాళీ కుర్చీకి పంచిన ముక్కలు

టూ హార్బర్స్, మినెసోటా
అక్టోబర్ 14

ప్రియమైన మారెన్‌కు,

నీ ఉత్తరం శుక్రవారం చేరింది. తారీఖు వేయడం మరిచావు. తపాలా ముద్ర చూసి నేనే వేసుకున్నాను. ఇంకోసారి మరిస్తే ఉత్తరం వెనక్కి పంపుతాను.

నువ్వు ఓడిపోయానని రాసిన పోకర్ ఆట చూశాను. బల్ల మధ్యలో పందెం బిళ్ళలు, అవే మీ చిప్స్, తొమ్మిది వేలు ఉన్నాయి, ఆటలో ఉండాలంటే నువ్వు మూడు వేలు కట్టాలి. నాలుగుసార్లకు ఒకసారి గెలిచినా నీకు నష్టం లేదు. కానీ నీకు కావలసిన ఇస్పేటు ముక్కలు తొమ్మిదే మిగిలాయి, నీకు కనపడని ముక్కలు నలభై ఆరు. అంటే ఐదుసార్లకు ఒకసారి. పన్నెండేళ్ళప్పుడు మన వంటింటి బల్ల మీద చిక్కుడు గింజలు పందెం కాస్తూ ఈ లెక్క తప్పు లేకుండా చేసేదానివి. ఇప్పుడేమో ‘ఎందుకో వస్తుందనిపించింది’ అని రాశావు. అనిపించడానికి నా లెక్కల పుస్తకంలో గడి లేదు.

మన ఒప్పందం మళ్ళీ రాస్తున్నాను. లెక్కల చదువు ఒక్క ఏడాదిలో పూర్తవుతుందనగా వదిలేసి, పోకర్ పోటీలు ఎక్కడ జరిగితే అక్కడికి కారు వేసుకుని తిరుగుతానన్నావు. మీ అమ్మ నీకు వదిలిన డబ్బు, నీ ఇష్టం. వచ్చే సెప్టెంబర్ మొదటి సోమవారానికి నీ జమాఖర్చుల్లో ఒక్క డాలరు లాభం తేలినా నేను మళ్ళీ నోరెత్తను. లోటు కనిపిస్తే ఇంటికి వచ్చి చదువు పూర్తి చేస్తావు. అంతవరకు ఉత్తరాలు కాగితం మీదే. ఫోన్లో ఆడిన అబద్ధం గాలికి పోతుంది. కాగితం మీద అంకె నిలబడే ఉంటుంది, ఎప్పుడైనా కూడి చూసుకోవచ్చు.

నిన్న పక్కింటి ఆర్విడ్ పొయ్యికి కట్టెలు తెచ్చి పడేశాడు. “మన పిల్ల కోటీశ్వరురాలు అయిందా టీచరమ్మా?” అన్నాడు. “నువ్వు ఆల్జీబ్రా రెండుసార్లు తప్పినట్టే అదీ తప్పుతోంది” అన్నాను. నలభై ఏళ్ళయినా ఆ మాటకు ఇంకా చెవులు ఎర్రబడతాయి వాడికి.

ఏడేళ్ళ పిల్లవై నా దగ్గరకు వచ్చిన రోజు నుంచి పొద్దున్నే నా చేతి గడియారానికి కీ ఇచ్చేదానివి. ఒక్క రోజూ మరవలేదు. ఆ శ్రద్ధ ఆటలో చూపించు. కీ ఇప్పుడు నేనే ఇచ్చుకుంటున్నాను.

ఊలు మేజోళ్ళు రెండు జతలు పంపాను. అందినట్టు రాయి.

నీ క్షేమాన్నీ, నీ లెక్క సరిపోవడాన్నీ ఒకేలా కోరే
అమ్మమ్మ హెడ్విగ్


చెరోకీ, నార్త్ కరోలైనా
ఫిబ్రవరి 19

ప్రియమైన అమ్మమ్మకు,

తారీఖు వేశాను, చూసుకో. మేజోళ్ళు అందాయని నవంబర్లోనే రాశాను, ఇప్పుడు వేసుకునే ఉన్నాను. ఈ మోటల్లో వేడి రావాలంటే గోడను తన్నాలి.

ఊరు మారినా మనుషులు మారరు. అవే ముఖాలు, అదే కిటికీల్లేని హాలు, కాళ్ళ కింద అదే పువ్వుల తివాచీ. ఎవరు ఓడి ఇంటికి వెళ్ళారో ఎవరూ అడగరు. రెండు ఊళ్ళలో కనపడకపోతే అర్థం చేసుకుంటారు.

నిన్న నా ఎదురుగా టెక్సస్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకడు కూర్చున్నాడు, పెద్ద టోపీ.

“ఏం పాపా, హోంవర్క్ అయిందా?” అన్నాడు.

“నాది అయింది తాతా, మీదే దిద్దుతున్నా” అన్నాను.

బల్లంతా నవ్వింది. పదిహేను నిమిషాల తర్వాత నా చేతిలో రెండు రాజులు, ఆయన చేతిలో ఆసు, రాణి. ఉన్నదంతా పెట్టేశాం. బల్ల మీద చివరి ముక్క ఆసు పడి ఆయన గెలిచాడు. ఆయన టోపీ తీసి, “క్షమించు తల్లీ, నీ హోంవర్కే కరెక్టు” అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అన్నాడు. దానికే ఏడుపొచ్చింది.

అదృష్టం బాగోలేదన్న మాట ఉత్తరంలో ఉండకూడదన్నావు కాబట్టి రాయడం లేదు. పదిసార్లు ఆడితే ఏడుసార్లు నేను గెలవాల్సిన ఆట అది. ఆ ఏడూ ఎప్పుడొస్తాయో నీ పుస్తకంలో ఉంటే చెప్పు.

గదులు, పెట్రోలు, ప్రవేశ రుసుములు అన్నీ కలిపి ఈ రోజుకు లోటు పదకొండు వేల మూడు వందల డాలర్లు. రసీదులు జతచేశాను.

గోడను తన్నడానికి లేస్తూ
నీ మారెన్


కౌన్సిల్ బ్లఫ్స్, అయోవా
ఏప్రిల్ 5

అమ్మమ్మా, నా బంగారు టీచరమ్మా,

మూడు వందల పద్దెనిమిది మందిలో పద్నాలుగు మంది మిగిలాం. రేపు రెండో రోజు. నా చిప్స్ తొమ్మిది లక్షల పన్నెండు వేలు, అందరిలో రెండో స్థానం! రాత్రికి వాటిని ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి అతికించి, పైన నా పేరు రాయించారు. రేపు మధ్యాహ్నం పన్నెండింటికి నా కుర్చీ ముందు విప్పుతారు.

నా లోటు ఇప్పుడు పద్నాలుగు వేల రెండు వందలు. మొదటి ముగ్గురిలో ఏ స్థానం వచ్చినా అది తీరి బోలెడు మిగులుతుంది. సెప్టెంబర్ గురించి నువ్విక నోరెత్తలేవు.

రేపటి తప్పనిసరి పందేల పట్టిక ఎప్పటిలాగే జతచేశాను. ఈ ఏడాదిలో మొదటిసారి ఒక్క ఆట కూడా ‘అనిపించి’ ఆడలేదు. అన్నీ లెక్కపెట్టే ఆడాను. నువ్వు నా వెనక నిలబడి ఉన్నట్టే అనిపించింది. (ఈ ఒక్క అనిపించడానికి గడి గీసుకో.)

నీ మారెన్


ఏమ్స్, అయోవా
ఏప్రిల్ 12

ప్రియమైన అమ్మమ్మకు,

ఆరో స్థానం వచ్చింది. తొమ్మిది వేల ఆరు వందలు ఇచ్చారు. లోటు నాలుగు వేల ఆరు వందలకు దిగింది.

ఆట వివరం అడుగుతావని రాస్తున్నాను. తొమ్మిది లక్షల పన్నెండు వేలతో మొదలుపెట్టాను. మొదటి విరామానికి ఏడు లక్షల తొంభై రెండు, రెండోదానికి ఆరు నలభై రెండు, మూడోదానికి నాలుగు అరవై రెండు, నాలుగోదానికి రెండు ముప్పై ఏడు. తర్వాత ఎక్కువసేపు నిలవలేదు. మంచి ముక్కలు రాలేదు. ఒకసారి రెండు పదులు, ఇంకోసారి ఆసు, రాజు వచ్చినా ఫలితం లేకపోయింది.

తిరుగు దారిలో కారు ఇంజిన్ పోయింది, అందుకే ఇక్కడ ఆగాను.

నీ ఒంట్లో ఎలా ఉంది? మెట్ల మీద మంచు ఇంకా కరిగి ఉండదు, జాగ్రత్త. కట్టెలు ఆర్విడ్‌నే తెమ్మను.

మారెన్


టూ హార్బర్స్
ఏప్రిల్ 24

మారెన్‌కు,

అక్షరాలు వంకరగా ఉన్నాయి. జలుబు చేసి మంచం మీద నుంచి రాస్తున్నాను. అది ముఖ్యం కాదు.

నువ్వు పంపిన పట్టికనూ, రాసిన అంకెలనూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆడినా ఆడకపోయినా ప్రతి మనిషీ ఒక చుట్టు తిరిగేసరికి తప్పనిసరి పందేలు కట్టాలి. మొదటి దఫాలో చుట్టుకు నలభై వేలు, తర్వాత యాభై, అరవై, డెబ్బై ఐదు. నీ చిప్స్ తగ్గినది మొదట నూట ఇరవై వేలు, తర్వాత నూట యాభై, నూట ఎనభై, రెండు వందల ఇరవై ఐదు. సరిగ్గా మూడేసి చుట్లు. ఒక్క చిప్పు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

రెండు పదులతో పందెం కాసినదాని చిప్స్ అలా తగ్గవు. గెలిచినా తేడా రావాలి, ఓడినా రావాలి. ఆ రోజు ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. డీలర్ ఖాళీ కుర్చీకి ముక్కలు పంచి, వంతు రాగానే పడేస్తూ పోయాడు. నువ్వు ఎక్కడో ఉండి ఆ అంకెలు తర్వాత తెలుసుకున్నావు.

ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పాను. కాపీ కొట్టిన జవాబు నాకు తెలుస్తుంది. ఏడాదంతా ఎదురుచూసిన రోజున నువ్వు ఎక్కడున్నావు? తాగి పడిపోయావా? ఎవడితోనైనా వెళ్ళావా? ఓడిపోయి ఉంటే ఒక్క మాట అనేదాన్ని కాదు. ఆడకుండా పోగొట్టావు, దాని మీద రెండు పదులు కల్పించి రాశావు, అదీ నాకు.

జవాబు రాసేటప్పుడు మళ్ళీ ఆలోచించుకుని రాయి. నేను మళ్ళీ కూడి చూస్తాను.

హెడ్విగ్


చెరోకీ
మే 3

అమ్మమ్మా,

కూడి చూసుకో.

ఏప్రిల్ 6 పొద్దున ఏడింటికి ఆర్విడ్ ఫోన్ చేశాడు. “టీచరమ్మ నిన్న సాయంత్రం కట్టెల కోసం వెళ్ళి మెట్ల మీద పడింది. తుంటి ఎముక విరిగింది. ఇవాళ మధ్యాహ్నం డులూత్‌లో ఆపరేషన్. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. నేను చెప్పానని తెలిస్తే మళ్ళీ ఆల్జీబ్రా పరీక్ష పెడుతుంది” అన్నాడు. నవ్వించాలని చూశాడు పాపం.

కిందికి పరిగెత్తి పోటీ నడిపే పెద్దమనిషిని పట్టుకున్నాను. “నా సంచి ఒక్క రోజు ఆపండి, రేపు వచ్చి ఆడతాను” అన్నాను.

“అమ్మాయ్, నన్ను పెంచింది కూడా మా అమ్మమ్మే. కానీ పన్నెండు కాగానే సంచి విప్పాల్సిందే. నువ్వున్నా లేకపోయినా నీ కుర్చీకి ముక్కలు పంచుతాం, నీ వంతు వస్తే పడేస్తాం.”

“అయితే నేను చేయగలిగింది ఏమీ లేదా?”

“కూర్చోవచ్చు” అన్నాడాయన.

తొమ్మిది గంటలు కారు నడిపాను. అయిదింటికి చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది, నువ్వు మత్తులో ఉన్నావు. ఎంత చిన్నదానివో అప్పుడే చూశాను. గంటన్నర కూర్చున్నాను. నర్సు వచ్చి, “ఇంకాసేపట్లో లేస్తారు, పలకరిస్తారా?” అంది. లేచావంటే మొదటి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు: రెండో రోజున ఇక్కడేం చేస్తున్నావు? జవాబు వినగానే నీ కోసం నేనెంత పోగొట్టుకున్నానో నువ్వు వేసే లెక్క నీ ముఖంలో చూడలేక లేచి వచ్చేశాను. అక్కడా ఏమీ చేయలేకపోయాను. కుర్చీలో కూర్చున్నాను, అంతే.

విరామాల అంకెలు పోటీ నివేదికలో చూసి రాశాను. రెండు పదులు నేనే కల్పించాను. నువ్వు తీసివేతలు చేస్తావని మరిచాను చూడు, అది అన్నిటికన్నా పెద్ద తప్పు.

వచ్చిన డబ్బులో చాలా భాగం ఇంజిన్ మింగింది. ఇక ప్రవేశ రుసుముకు మిగల్లేదు. ఇక్కడే డీలర్ పనిలో చేరాను. సెప్టెంబర్ దాకా ఆగక్కర్లేదు అమ్మమ్మా, నువ్వే గెలిచావు. వారానికి ఒకసారైనా ఖాళీ కుర్చీ వస్తుంది. వాటికీ అందరితో సమానంగా పంచి, చూడకుండా పడేస్తాను. ఈ మనిషికి ఎవరు ఫోన్ చేశారో అనుకుంటాను.

జలుబు తగ్గిందా?

మారెన్


టూ హార్బర్స్
మే 11

ప్రియమైన మారెన్‌కు,

జలుబు అని రాసింది అబద్ధం. కాగితం మీద నేను ఆడిన మొదటి అబద్ధం. తుంటిలో మూడు మేకులు ఉన్నాయి. నాలుగు కాళ్ళ చట్రం పట్టుకుని వంటింటి దాకా పదకొండు నిమిషాలకు చేరుతున్నాను. ఆర్విడ్‌ను ఏమీ అనలేదు.

నా పుస్తకంలో ఏప్రిల్ 7న ఒక వరుస ఉంది. నా గడియారానికి ఆఖరిసారి కీ ఇచ్చింది 5వ తేదీ పొద్దున. ముప్పై ఆరు గంటలు నడుస్తుంది. 6వ తేదీ రాత్రికి ఆగిపోవాలి. 7న పొద్దున కళ్ళు తెరిస్తే ఆసుపత్రి బల్ల మీద నడుస్తూ ఉంది, టైము కూడా తప్పలేదు. అక్కడి నర్సుల్లో కీ ఇచ్చే గడియారం చూసినవాళ్ళే లేరు. అందరినీ అడిగాను. చివరికి ‘కారణం తెలియదు’ అని రాసుకున్నాను. నా జీవితంలో అలా వదిలేసిన వరుస అదొక్కటే. నిన్న ఆ మాట కొట్టేసి, పక్కన నీ పేరు రాశాను.

మెట్ల మీద మంచు జాగ్రత్త అని నువ్వు రాసినప్పుడే నాకు తట్టాలి. అంకెలన్నీ చూశాను, ఆ వాక్యం చూడలేదు. తాగావా అని అడిగాను నిన్ను.

ఒప్పందం కొట్టేయగలను. నేను పెట్టినదే. కానీ దాన్ని కొట్టేస్తే నీ ఏప్రిల్ 6 తిరిగి రాదు. నీకు ప్రవేశ రుసుము పంపుదామంటే ఆసుపత్రి బిల్లు పోను నా దగ్గర మిగిలేది నెలకు నూట పన్నెండు డాలర్లు. మూడు రోజులుగా ఎన్ని విధాల వేసినా ఈ లెక్క తేలడం లేదు. పిల్లలను ఎన్నడూ ఆ మాట అననివ్వలేదు. ఇప్పుడు నేను అంటున్నాను: నాకు రావడం లేదు.

నిన్న సాయంత్రం వంటింటి బల్ల మీద చిక్కుడు గింజలు పోసి, ఇద్దరికి ముక్కలు పంచాను. నాకు రెండు, నీ కుర్చీకి రెండు. నావి పనికిరానివి, పడేశాను. నీ వంతు వచ్చింది. నియమం ప్రకారం చూడకుండా పడేయాలి. చెయ్యి చాచాను గానీ పడేయలేకపోయాను.

చూడలేదు. అవి నీ కుర్చీ ముందు బోర్లా అలాగే ఉన్నాయి. ఆర్విడ్ కాఫీ కప్పు పెట్టబోతే చెయ్యి మీద కొట్టాను. నేను పక్క బల్ల మీద తింటున్నాను.

ఆట నీ దగ్గర ఆగి ఉంది. వచ్చి చూసుకో.

అమ్మమ్మ