ఐదో సంవత్సరం పాఠం

పిస్కో, నవంబరు 9

విశ్వవిద్యాలయ ఆర్కిటెక్చరల్ ఇంజనీరింగ్ విభాగపు డీన్ గారి సముఖమునకు,

ఎగువ ఇసుకమిట్ట కాపురస్తుడు, తాపీ మేస్త్రీ, తమ నాలుగో సంవత్సరం విద్యార్థిని నోయెమీకి తండ్రి అయిన ఫౌస్తినో హువర్కాయా వ్రాసుకున్న అర్జీ.

విషయం: ఇల్లు ఎలా పడుతుందో నాలుగో సంవత్సరంలోనూ, పడకుండా ఎలా నిలపాలో ఐదో సంవత్సరంలోనూ బోధించుట వలన మా కుటుంబమునకు కలిగిన ఇబ్బంది – పాఠమును ముందుకు జరుపుట కొరకు.

అయ్యా,

1. పద్నాలుగేళ్ల కిందటి ఆగస్టు భూకంపంలో మా అమ్మ పచ్చి ఇటుకల గోడ కింద పోయింది. మట్టితో ఇక ఇల్లు కట్టనని ఒట్టు పెట్టుకుని, నాటి నుండి ఇనుము, సిమెంటు వాడి మా మిట్ట మీద నలభై ఒక్క ఇళ్లు కట్టియున్నాను. మొదటిది మాదే. పై అంతస్తు కోసమని పిల్లర్ల చువ్వలను స్లాబు మీద మూరెడు వదిలేసి, తుప్పు పట్టకుండా వాటికి ఖాళీ సోడా సీసాలు బోర్లించాను. అప్పుడు నోయెమీకి ఎనిమిదేళ్లు. ఆ పై గది దాని ఆఫీసుకేనని అప్పుడే అనుకున్నాను. వచ్చే శనివారం ఆ గది పైకప్పు స్లాబు వేయుటకు నిర్ణయమైనది. మా ఆచారం ప్రకారం కొత్త కప్పు మీద శిలువ నిలపడానికి, పిల్లకు బాప్తిస్మమప్పుడు నిలబడిన జ్ఞానతండ్రిని పిలిచాము. మొక్కజొన్న కల్లు కుండల్లో పులుస్తోంది.

2. ఎండ ఏ కిటికీలోంచి రావాలి, గాలి ఎటు పోవాలి, బరువు స్లాబు నుంచి బీముకు, బీము నుంచి పిల్లరుకు, పిల్లరు నుంచి నేలకు ఎలా దిగాలి అనునవి తమరు మా అమ్మాయికి నేర్పితిరి. చాలా సంతోషం. అది భోజనాల దగ్గర చెబుతుంటే నేను చెంచా ఆపి వినేవాణ్ని. అంతవరకు నాకు ఏ అభ్యంతరమూ లేదని మనవి.

3. ఈ సంవత్సరం రింగుల గురించి నేర్పితిరి. చిక్కంతా ఇక్కడే వచ్చింది. పిల్లరు చువ్వలను చుట్టి కట్టే రింగు కొసను మా మేస్త్రీలందరం గోడ మూలలాగా వంచుతాము. మా గురువు అలాగే వంచేవాడు. పని త్వరగా తెములుతుంది.

"నాన్నా, ఈ కొక్కెం ఇంకా లోపలికి వంగాలి. పిల్లరు కడుపులోకి దిగాలి. ఇలా ఉంటే నేల ఊగినప్పుడు విప్పుకుపోద్ది."

"పద్నాలుగేళ్లబట్టీ విప్పుకోలేదే!"

"పద్నాలుగేళ్లబట్టీ నేల గట్టిగా ఊగలేదు నాన్నా."

మా ఆవిడ ఎదెల్మీరా పొయ్యి దగ్గర నుంచే, "చదివిస్తా చదివిస్తా అని ఎగిరింది నువ్వేగా. ఇప్పుడు కూర్చుని పాఠం చెప్పించుకో" అన్నది. ఈ ఇంట నాకు ఎవరి సానుభూతియూ లేదు.

4. గత నెల ప్రదర్శన దినమునకు తల్లిదండ్రులను ఆహ్వానించితిరి. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాను. భూకంపంలా ఊగే ఒక బల్ల మీద పిల్లలు తాము కట్టిన బొమ్మ ఇళ్లను పెడుతున్నారు. మా అమ్మాయి కట్టింది మా ఇల్లే. నీలం తలుపు, పై గది, దాని మీద ఆఫీసు బోర్డు, లోపల నా వంపు రింగులు, అన్నీ ఉన్నాయి. బల్ల ఊగింది. పదకొండు సెకన్లు. లెక్క ప్రకారమే పడింది గనుక ప్రయోగం సఫలమని పిల్లలంతా చప్పట్లు కొట్టారు. మర్యాద కోసం నేనూ కొట్టాను. తమరు నా చేయి పట్టుకుని "మీ అమ్మాయికి మంచి భవిష్యత్తు ఉంది" అన్నారు.

5. తిరుగు బస్సులో అడిగాను.

"సరే తల్లీ, మరి బాగుచెయ్యడం ఎలాగ?"

"అది ఐదో సంవత్సరంలో నాన్నా. ఇంకా చెప్పలేదు."

"పుస్తకం ముందే చదవొచ్చు గదా?"

"చదివాను. చదివినంత మాత్రాన మనింటి మీద చెయ్యి వెయ్యలేను. నేను తప్పు చేస్తే లోపలుండేది నువ్వూ అమ్మా."

అని కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

6. ఐదో సంవత్సరం మార్చిలో గానీ మొదలు కాదని తెలిసినది. నేలకు తమ కాలపట్టిక తెలియదు. కావున సదరు పాఠమును డిసెంబరులోగా చెప్పించవలెను. అది వీలు కానిచో, ఆ పాఠం రోజున నన్ను వెనక బెంచీలో కూర్చోనివ్వవలెను. ఆరో తరగతి వరకు చదివాను. ప్రశ్నలు అడగను.

ఇంతకు మించి నా చేతిలో ఏమీ లేనందున తమరే దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఫౌస్తినో హువర్కాయా, మేస్త్రీ

తా.క.: దీన్ని పోస్టు చేసేలోపే శనివారం వచ్చిపోయింది. స్లాబు ఆపేశాను. సిమెంటు రాలేదని అబద్ధమాడాను. వచ్చినవాళ్లు కల్లు తాగి వెళ్లారు. చువ్వల మీద సీసాలు మళ్లీ బోర్లించాను. మా సంగతి వదిలేయండి, మేము పెరట్లో పడుకుంటాం. మిగతా నలభై ఇళ్లూ ఈ చేతులే కట్టాయి, వాటన్నిటిలోనూ ఇదే వంపు. చిరునామాలు వెనక రాశాను. నిన్న చివరి ఇంటి ముసలమ్మ హెర్మెలిందా నన్ను ఆపి, "నువ్వు కట్టిన ఇంట్లోకొచ్చాకే నాకు కంటినిండా నిద్ర పడుతోంది మేస్త్రీ. నీ చెయ్యి చల్లగుండ!" అంది. నేను నవ్వి వచ్చేశాను. ఆవిడకు ఏమని చెప్పాలో, అది ఏ సంవత్సరం పాఠమో తెలియజేయగలరు.