నడిరోడ్డులో ఆగిన బండి

మంగళవారం, రాత్రి

నిద్ర పట్టడం లేదు. పొద్దున కయత్తారు దగ్గర హైవే దాటుతుంటే నా వ్యాను నడిరోడ్డులో దగ్గి, బలం పోయి నిలిచిపోయింది. ఎంత తొక్కినా కదలలేదు. లోపల అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్లంతా అరిచారు. మీదికొస్తున్న లారీవాడు బ్రేకు వేయకపోతే...

కాసేపటికి ఇంజను చల్లబడి మళ్లీ అందుకుంది. వాళ్లను కోవిల్‌పట్టిలో దించి నేరుగా మెకానిక్ సెల్వం దగ్గరికి పోయాను. పోయిన వారం ఇట్లే కుదిపితే ప్లగ్గులు మార్చాక అంతా సరిపోయిందనుకున్నాను. అతను ఇంజను బాగా కాగేదాకా ఆపకుండా ఉంచి చూశాడు.

"ప్లగ్గులు బాగుండాయన్నా. ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిలు వేడెక్కితే స్పార్కు విట్టు విట్టు, ఆగి ఆగి వస్తాది. దాన్ని మార్చల్ల."

మార్చాడు. కళుగుమలై దాకా పోయి వచ్చాను, ఒక్క కుదుపు లేదు.

కాయిలు మార్చాము, ఇక బండి ఆగదని సాయంత్రం వాళ్లకు చెప్పాను. హైవే రాగానే రాణి, "ఆపన్నా. మేము నడిచి దాటుతాము, నువ్వు బండి తెచ్చుకో" అంది. అందరూ దిగారు. మరియమ్మత్త మాత్రం కదలలేదు.

"నువ్వు దిగలేదేమత్తా?"

"నాకు మోకాలు నొస్తాది. పోనీరా."

బండి తేలిగ్గా దాటింది. అద్దంలో చూశాను. అత్త రెండు చేతులతో ముందు సీటు కమ్మీ పట్టుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది.

అవతల మిగతావాళ్లు ఎక్కారు. ఒక్కరూ నా ముఖం చూడలేదు. రేపు కూడా దిగుతారేమో.

ఇన్నేళ్లలో అత్త మోకాలి నొప్పి అని ఎప్పుడూ అనలేదు.